కొలతలు తీయకముందు పిస్టన్లు కొనకండి

ప్రశ్న: నా దగ్గర 1990 నాటి మజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. 1.6 లీటర్ల ఇంజన్ 2,30,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒకసారి, పొడవైన పల్లం దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంకోసారి నీలిపొగ కొడుతోంది. స్టార్ట్ చేశాక కొన్ని నిమిషాలపాటు ఇంజన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు చాలా కిందికి దిగుతోంది. కంప్రెషన్ చూస్తే 1 నుంచి 4 వరకు సిలిండర్లలో వరుసగా 12.1, 11.9, 12.0, 10.2 బార్ వచ్చింది. ఇంజన్‌ను నా గ్యారేజీలోనే దించి, 0.5 మి.మీ. ఓవర్‌సైజ్ బోర్ చేయించి (అంటే సిలిండర్ రంధ్రాలను అంతమేర వెడల్పు చేయించి), 11:1 కంప్రెషన్ పిస్టన్లు, హై లిఫ్ట్ క్యామ్ షాఫ్టులు వేసి, వచ్చే ఏడాది టర్బో కూడా బిగించాలని ఉంది. వేరే ఇంజన్ తెచ్చి వేయడం నాకు ఇష్టం లేదు. ఇది ఇంట్లో అయ్యే పనేనా? పిస్టన్లు ఆర్డర్ పెట్టబోతున్నాను. ఇంకేమేం తెప్పించుకోవాలి?

సమాధానం: ఆ ఆర్డర్‌ను దయచేసి కొంతకాలం ఆపండి. ఇంట్లో ఇంజన్ కట్టడం ఓపిక, శుభ్రత, కొన్ని మంచి కొలత పరికరాలు ఉన్న ఎవరికైనా సాధ్యమయ్యే పనే. ఎంఎక్స్-5లోని ఈ ఇంజన్ అందుకు చాలా అనువైనది కూడా. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్, 2 క్యామ్ షాఫ్టులు, 16 వాల్వులు, 5 మెయిన్ బేరింగులు ఉన్న ఈ ఇంజన్‌లో విప్పేవాణ్ణి తికమకపెట్టే అమరిక ఏదీ లేదు. అయితే మీ ఉత్తరంలో పని వరుస తలకిందులైంది. ఏది అరిగిందో తేలకముందే ఏది వేయాలో మీరు నిర్ణయించుకున్నారు. అరుగుదల ఎంతో మైక్రోమీటర్ చెప్పాకే పిస్టన్ సైజు తెలుస్తుంది. కారును ఎలా నడపాలనుకుంటున్నారో తేలాకే కంప్రెషన్ ఎంత ఉండాలో తెలుస్తుంది.

మొదట పొగ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు చెప్పిన రెండు సందర్భాలూ ఒకే చోటును చూపిస్తున్నాయి. రాత్రంతా బండి నిలిచి ఉన్నప్పుడు హెడ్‌లోని ఆయిల్ వాల్వ్ గైడ్ల (వాల్వు కాడలు కదిలే గొట్టాల) వెంట చుక్కచుక్కగా దిగి పొద్దున స్టార్ట్ చేయగానే కాలుతుంది. పల్లం దిగుతూ యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ బాగా పెరిగి, అదే దారిన ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. మళ్లీ తొక్కగానే అది పొగగా బయటికొస్తుంది. ఇవి రెండూ వాల్వ్ స్టెమ్ సీళ్లు గట్టిపడ్డాయనో, గైడ్లు అరిగాయనో చెప్పే లక్షణాలు. రింగులు పోయి ఇంజన్ బోరుకు వచ్చినప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు, అంటే బరువు మీద ఉన్నప్పుడు, పొగ ఆగకుండా వస్తుంది. ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కాబట్టి మీ పొగకు మందు పిస్టన్లలో కాక, 16 చిన్న రబ్బరు సీళ్లలోనే ఉండే అవకాశం బలంగా ఉంది.

4వ సిలిండర్ మాత్రం వేరే కథ చెబుతోంది. 12.1 బార్‌తో పోలిస్తే 10.2 బార్ అంటే సుమారు 16 శాతం తక్కువ, దాన్ని పట్టించుకోక తప్పదు. ఇంజన్ దించకముందే మరో రెండు పరీక్షలు చేయండి. ఇంజన్ వేడిగా ఉండగా, ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ కనెక్షన్లు తప్పించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, 4వ సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కంప్రెషన్ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే రింగుల దగ్గర కారుతోంది. పెరగకపోతే వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో కారుతోంది. ఆ తర్వాత లీక్‌డౌన్ టెస్టర్‌తో ఆ సిలిండర్‌లోకి గాలి పంపి చెవి పెట్టి వినండి. బుస సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. విప్పాక ఇంత స్పష్టంగా మాట్లాడే అవకాశం ఆ ఇంజన్‌కు మళ్లీ ఉండదు.

పైనుంచి వచ్చే టకటక ఈ ఇంజన్‌కు పాత అలవాటు. ఇందులో టాపెట్ క్లియరెన్స్‌ను, అంటే క్యామ్‌కు వాల్వుకు మధ్య సందును, ఆయిల్‌తో నిండే హైడ్రాలిక్ లిఫ్టర్లు వాటంతట అవే సర్దుకుంటాయి. వాటి సన్నని ఆయిల్ దారులు పాత ఆయిల్ జిగురుతో మూసుకుపోతే, నిండడానికి సమయం పట్టి ఆ చప్పుడు చేస్తాయి. హెడ్ విప్పినప్పుడు వాటిని తీసి శుభ్రం చేయవచ్చు, అరిగినవాటిని మార్చవచ్చు. ఒక్కో లిఫ్టర్ ఏ వాల్వు మీదిదో గుర్తు పెట్టుకోవడం మాత్రం మరవకండి.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఆయిల్ ప్రెషర్. మీ 1990 కారులో ఉన్నది నిజమైన ప్రెషర్ మీటరే. తర్వాతి కాలపు కార్లలో అదే చోట, ప్రెషర్ ఉందా లేదా అన్నంత వరకే చెప్పే స్విచ్ పెట్టారు. అయినా 30 ఏళ్లు దాటిన సెండర్‌ను (ప్రెషర్‌ను మీటరుకు చేరవేసే పరికరాన్ని) నమ్మి ఇంజన్ దించకూడదు. సెండర్ తీసి ఆ మరలో మెకానికల్ గేజ్ బిగించి, ఆయిల్ బాగా కాగాక చూడండి. ప్రతి 1,000 ఆర్‌పీఎమ్‌కు సుమారు 0.7 బార్ ఉండాలన్నది ఇంజన్ కట్టేవాళ్లు వాడే మోటు లెక్క, కచ్చితమైన అంకె మీ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. మెకానికల్ గేజ్ కూడా తక్కువే చూపిస్తే బేరింగులో, ఆయిల్ పంపో అరిగినట్టు. అప్పుడు ఇంజన్ దించడానికి మీకు గట్టి కారణం దొరికినట్టు. ప్రెషర్ సరిగా ఉండి, 4వ సిలిండర్ లోపం వాల్వు దగ్గరే అని తేలితే, ఇంజన్ కారులో ఉండగానే హెడ్ ఒక్కటి దించి బాగు చేసుకుని హాయిగా నడుపుకోవచ్చు. ఆ ఫలితం మిమ్మల్ని నిరాశపరచవచ్చని నాకు తెలుసు. అయినా బాగున్న బ్లాకును విప్పడం ఎప్పుడూ లాభం కాదు.

దించాలనే తేలితే, పానా పట్టుకునే ముందు క్రాంక్ పుల్లీని చూడండి. 1991 మధ్యకాలం వరకు వచ్చిన 1.6 ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉండేది. పుల్లీ మధ్యభాగంలో గాడులు 4 ఉంటే పొట్టి కొస, 8 ఉంటే తర్వాత సవరించిన పొడవు కొస. మీ కారు 1990ది కాబట్టి పొట్టిదే ఉండవచ్చు. వీటిలో ముందు బోల్టు కాస్త వదులైనా, టైమింగ్ పుల్లీ కీ (పుల్లీని క్రాంక్‌కు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) మీద కదలడం మొదలై, కీని, దాని గాడిని, చివరికి క్రాంక్ కొసను తినేస్తుంది. క్యామ్ టైమింగ్ మెల్లగా జారి పికప్ తగ్గుతుంది. ఇంజన్ నడుస్తుండగా పుల్లీ వంకరగా ఊగుతున్నట్టు కనిపిస్తే ఆపేసి, బోల్టు విప్పి, గాడి అంచులు పదునుగా ఉన్నాయో గుండ్రంగా అరిగాయో భూతద్దంతో చూడండి. గాడి పాడైతే మీ ఖర్చుల పట్టికలో మొదట రావలసింది క్రాంక్ షాఫ్ట్. పిస్టన్ల మీద ముందే డబ్బు పెట్టినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఇప్పుడు మీరు వేయాలనుకున్న భాగాల విషయం. 11:1 పిస్టన్లు, హై లిఫ్ట్ క్యామ్‌లు ఒక దారి, టర్బో మరో దారి. టర్బో లేని ఇంజన్‌లో శక్తి కోసం కంప్రెషన్ పెంచుతాం, వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉండే క్యామ్ వేసి బలాన్ని పై ఆర్‌పీఎమ్‌లోకి తీసుకెళతాం. టర్బో ఇంజన్‌లో సిలిండర్‌లోకి వచ్చే గాలి అప్పటికే నొక్కుకుని, వేడెక్కి ఉంటుంది. దాన్ని మళ్లీ 11 రెట్లు నొక్కితే, స్పార్క్ మంట చేరేవరకు ఆగకుండా మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలి నాకింగ్ వస్తుంది, నాకింగ్ పిస్టన్ రింగ్ గాడుల మధ్యనున్న గట్లను విరగ్గొడుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేసారి ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ కూడా టర్బోతో సరిగా కుదరదు. ఈ ఏడాది ఒక దారికి డబ్బు పెట్టి, వచ్చే ఏడాది రెండో దారికి మళ్లితే, మొదటి ఖర్చులో చాలా భాగం పెట్టెలోకి వెళ్లిపోతుంది.

ఓవర్‌సైజ్ బోర్ గురించి కూడా ఒక లెక్క చూడండి. ఈ ఇంజన్ బోర్ 78 మి.మీ., స్ట్రోక్ 83.6 మి.మీ. అందుకే మొత్తం సుమారు 1,597 సీసీ. బోర్‌ను 78.5కు పెంచితే మొత్తం దాదాపు 1,618 సీసీ అవుతుంది. పెరిగింది 20 సీసీ చిల్లర, అంటే 1.3 శాతం. డ్రైవింగ్ సీట్లో కూర్చున్నవారికి ఆ తేడా తెలియదు. ఓవర్‌సైజ్ ఉన్నది అరిగిన బోర్‌ను మళ్లీ గుండ్రంగా చేయడానికి. 0.25తో సరిపోయే బోర్‌ను 0.5కు తీసుకెళితే, ఈ బ్లాకుకు భవిష్యత్తులో దక్కే ఒక అవకాశాన్ని ఇప్పుడే కోసేసినట్టు. అసలు ఇంజన్‌నే కాపాడుకోవాలన్న మీలాంటివారికి ఆ మిగులు లోహం చాలా విలువైనది.

నా సలహా అడిగారు కాబట్టి తేల్చి చెబుతాను. సుమారు 115 హార్స్‌పవర్ ఉన్న ఈ ఇంజన్ 950 కిలోల కారును లాగుతుంది, టార్క్ దాదాపు 135 న్యూటన్ మీటర్లు, అదీ 5,500 ఆర్‌పీఎమ్ దగ్గర. అంటే కింది ఆర్‌పీఎమ్‌లో ఇది ఇప్పటికే కాస్త నీరసం. పెద్ద క్యామ్‌లు ఆ నీరసాన్ని ఇంకా పెంచి, మీరు రోజూ వాడే చోట బలం తీసి, అరుదుగా వెళ్లే చోట పెడతాయి. పైగా దూకుడు క్యామ్‌లకు హైడ్రాలిక్ లిఫ్టర్లు సరిపడవు, షిమ్‌లు (సందు సర్దే పలుచని బిళ్లలు) ఉన్న సాలిడ్ లిఫ్టర్లకు మారాలి. అందుకే మీ స్థానంలో నేనుంటే ఇంజన్‌ను ప్రామాణిక కొలతలకు, అత్యంత జాగ్రత్తగా కట్టి, క్యామ్‌లు ముట్టుకోకుండా, కంప్రెషన్‌ను కంపెనీ ఇచ్చిన 9.4:1 దగ్గరే ఉంచి, టర్బోకు తలుపు తెరిచి పెడతాను. అదనపు డబ్బు ఉంటే ఫోర్జ్డ్ (పోత పోయకుండా లోహాన్ని నొక్కి చేసిన) పిస్టన్లు, బలమైన కనెక్టింగ్ రాడ్లు వేస్తాను. కొలతలయ్యాకే.

విప్పే పని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కారును నాలుగు గట్టి స్టాండ్ల మీద నిలపండి, జాకీ మీద ఎప్పుడూ నమ్మకం పెట్టకండి. ఇంధనం లైన్‌లో ఒత్తిడి తీసేయండి. ఈ కారులో గేర్‌బాక్స్‌ను, వెనుక డిఫరెన్షియల్‌ను కలుపుతూ పొడవైన అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది, అది విప్పే ముందు గేర్‌బాక్స్ కింద ఆసరా పెట్టండి. ప్రతి కనెక్టర్‌కూ చీటీ కట్టండి, ప్రతి దశనూ ఫోటో తీయండి. మెయిన్ బేరింగ్ క్యాప్‌లు, క్యామ్ క్యాప్‌లు, రాడ్ క్యాప్‌లు ఏ చోటివి ఆ చోటికే, ఏ ముఖం ఎటు ఉందో అటే తిరిగి వెళ్లాలి. ఎందుకంటే ఆ రంధ్రాలను ఫ్యాక్టరీలో క్యాప్ బిగించి ఉండగానే తొలిచారు. పాత బేరింగ్ షెల్స్‌ను (బేరింగుల్లోని అర్ధవలయపు రేకులను) పారేయకుండా వరుసగా ఒక అట్ట మీద అంటించండి. వాటి మీది గీతలు, ఒక పక్కే పడిన అరుగుదల, బయటపడిన రాగి రంగు, ఇవన్నీ ఆ 2,30,000 కిలోమీటర్ల చరిత్ర.

ఇక కొలతలు. నా దృష్టిలో పని మొత్తంలో అసలైన భాగం ఇదే, ఒక వారాంతం మొత్తం దీనికే కేటాయించండి. 75 నుంచి 100 మి.మీ. వరకు కొలిచే మైక్రోమీటర్, క్రాంక్‌కు మరో చిన్న మైక్రోమీటర్, డయల్ బోర్ గేజ్, ఫీలర్ గేజ్, మంచి స్ట్రెయిట్ ఎడ్జ్, టార్క్ రెంచ్ కావాలి. బ్లాకు, పిస్టన్లు, పరికరాలు అన్నీ ముందు రాత్రి నుంచే ఒకే గదిలో ఉంచండి. 78 మి.మీ. ఇనుప బోర్ 10 డిగ్రీల తేడాకు 0.009 మి.మీ. దాకా పెరుగుతుంది, అల్యూమినియం పిస్టన్ అంతకు రెట్టింపు పెరుగుతుంది. మనం వెతికే తేడాలు కూడా అలాంటి అంకెలే కాబట్టి, ఎండలో ఉన్న బ్లాకును చల్లని మైక్రోమీటర్‌తో కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. ప్రతి సిలిండర్‌ను మూడు ఎత్తులలో, ఒక్కో ఎత్తులో క్రాంక్‌కు సమాంతరంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. మొత్తం 24 అంకెలు వస్తాయి. పై రింగు వెనుదిరిగే చోట, పిస్టన్ ఒత్తే పక్కన అరుగుదల ఎక్కువ ఉంటుంది. ఆ 24 అంకెలు మాన్యువల్‌లోని హద్దుల్లో ఉంటే బోర్‌ను తొలిచే పనే లేదు, హోనింగ్ (బోర్ గోడను సన్నని రాళ్లతో రుద్దడం), కొత్త రింగులు చాలు. ఒక్క సిలిండర్ హద్దు దాటినా నాలుగింటినీ తర్వాతి ఓవర్‌సైజ్‌కు తీసుకెళ్లాలి. పిస్టన్ ఆర్డర్ పెట్టవలసిన రోజు ఇదే. పిస్టన్లు చేతికొచ్చాక, వాటిని లేత్ షాపుకు ఇచ్చి ఒక్కో పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు ఒక్కో బోర్ చేయమనండి. ఫోర్జ్డ్ పిస్టన్లు కాస్త ఎక్కువ వ్యాకోచిస్తాయి, వాటికి తయారీదారు చెప్పిన క్లియరెన్స్ మాత్రమే పాటించాలి.

బోరింగ్, హోనింగ్, క్రాంక్ గ్రైండింగ్, పాలిషింగ్, హెడ్ ముఖం చదును చేయడం, గైడ్లు మార్చడం, సీట్లు కోయడం, పగుళ్ల పరీక్ష, ఇవన్నీ లేత్ షాపు పనులు. కొలవడం, శుభ్రం చేయడం, కూర్చడం మీ పనులు. రాడ్ బోల్టులు బలమైనవాటికి మారిస్తే, కొత్త బోల్టు బిగింపు రాడ్ పెద్ద రంధ్రం ఆకారాన్ని మారుస్తుంది కాబట్టి దాన్ని మళ్లీ సరిచేయించాలి. ఇది చాలామంది మరచిపోతారు.

శుభ్రత గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను కట్టిన రెండో ఇంజన్ బ్లాకు హోనింగ్ అయి వచ్చినప్పుడు కంటికి అద్దంలా కనిపించింది. పెట్రోలుతో ఒకసారి తుడిచి కూర్చేశాను, ఆయిల్ దారుల కొసల్లోని ప్లగ్గులు తీయలేదు. 300 కిలోమీటర్లకే ప్రెషర్ పడిపోయింది. విప్పి చూస్తే కొత్త షెల్స్ మీద గోటికి తగిలేంత గీతలున్నాయి, ఆ మెత్తని లోహంలో హోనింగ్ రాయి పొడి గుచ్చుకుని మెరుస్తోంది. ఆ రోజు నుంచి ఒకే పద్ధతి పాటిస్తున్నాను. ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ తీసి, వేడి నీళ్లు, సబ్బు, పొడవైన సీసా బ్రష్‌లతో ప్రతి రంధ్రాన్నీ, ప్రతి బోర్‌నూ తోముతాను. పెట్రోలు జిడ్డును కరిగిస్తుంది గానీ రాయి పొడిని లేపదు, ఆ పని సబ్బు నీళ్లే చేస్తాయి. ఆయిల్‌లో తడిపిన తెల్ల గుడ్డతో బోర్ తుడిస్తే బూడిద రంగు మరక రాకుండా ఉండేవరకు తోమడం ఆపకూడదు. వెంటనే గాలి కొట్టి ఆరబెట్టి ఆయిల్ పూయాలి, ఆలస్యమైతే మీ కళ్ల ముందే బోర్ మీద తుప్పు రంగు లేస్తుంది.

హెడ్ పని ఇంట్లో చేయడం చాలా సంతృప్తినిస్తుంది. వాల్వు, సీటు మధ్య సన్నని గ్రైండింగ్ పేస్ట్ పూసి, వాల్వుకు అంటుకునే రబ్బరు కప్పు ఉన్న కర్రను రెండు అరచేతుల మధ్య ముందుకూ వెనక్కూ తిప్పితే మొదట గరగరమన్న శబ్దం మెల్లగా మెత్తబడుతుంది. తుడిచి చూస్తే సీటు చుట్టూ ఎక్కడా తెగని బూడిద రంగు ఉంగరం కనిపించాలి. తర్వాత హెడ్‌ను బోర్లించి, స్ప్రింగులు, ప్లగ్గులు బిగించి, చాంబర్లలో కిరసనాయిలు పోసి అరగంట ఉంచండి. పోర్టులో తడి కనిపించిన వాల్వును మళ్లీ నూరాలి. ప్లగ్గు రంధ్రం మూసి, చాంబర్ మీద గ్రీజు అంచుతో పారదర్శకమైన పలక అంటించి, బ్యూరెట్‌తో ద్రవం నింపితే ఒక్కో చాంబర్ ఎన్ని సీసీలో తెలుస్తుంది. 9.4:1 కంప్రెషన్‌కు, పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే స్థలం, గ్యాస్కెట్ మందంతో కలిపి, ఒక్కో సిలిండర్‌కు సుమారు 47.5 సీసీ. హెడ్‌ను 0.25 మి.మీ. చెక్కితే ఆ స్థలంలో మహా అయితే 1.2 సీసీ తగ్గి కంప్రెషన్ 9.6 దగ్గరికి వస్తుంది. కాబట్టి హెడ్ చదును కోసం చెక్కినంత మాత్రాన భయపడనక్కరలేదు, శక్తి కోసం చెక్కినందువల్ల పెద్దగా ఒరిగేదీ లేదు. చెక్కిన మేరకు క్యామ్‌లు క్రాంక్‌కు దగ్గరై టైమింగ్ కాస్త వెనక్కి జరుగుతుంది, సర్దుబాటు ఉన్న క్యామ్ పుల్లీలతో దాన్ని సరిచేయవచ్చు.

బేరింగుల దగ్గర మోటు లెక్క, షాఫ్ట్ వ్యాసంలో వెయ్యో వంతు క్లియరెన్స్. మెయిన్ జర్నల్ (క్రాంక్ షాఫ్ట్‌లో బేరింగు లోపల తిరిగే భాగం) దాదాపు 50 మి.మీ. కాబట్టి 0.05, రాడ్ జర్నల్ దాదాపు 45 కాబట్టి 0.045 మి.మీ. చుట్టూ ఉంటుంది. అనుమతించిన హద్దులు మాన్యువల్‌లో చూసుకోండి. దీన్ని చూడడానికి ప్లాస్టిగేజ్ చాలు. పొడిగా తుడిచిన జర్నల్ మీద ఆ సన్నని మైనపు దారం ముక్కను పొడవునా పెట్టి, క్యాప్‌ను పూర్తి టార్క్‌కు బిగించి, విప్పి, నలిగిన వెడల్పును కవర్ మీది గీతలతో పోల్చాలి. దారం లోపల ఉండగా క్రాంక్‌ను వెంట్రుకవాసి కూడా తిప్పకూడదు. ఒక కొస వెడల్పుగా, రెండో కొస సన్నగా నలిగితే జర్నల్ వాలుగా అరిగింది, దాన్ని కొత్త షెల్స్ బాగు చేయలేవు.

రింగు సందు విషయంలో టర్బో నిర్ణయం ఇప్పుడే కావాలి. పిస్టన్‌ను తలకిందులుగా పెట్టి రింగును బోర్‌లోకి సమంగా నెట్టి, రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ ఆడించి చూడండి. టర్బో లేని 78 మి.మీ. బోర్‌కు పై రింగు సందు సుమారు 0.3 మి.మీ., టర్బో వేయబోయే ఇంజన్‌కు 0.45 చుట్టూ పెడతారు, రింగులతో వచ్చిన కాగితంలోని అంకెదే చివరి మాట. వేడికి రింగు సాగి కొసలు ఒకదానికొకటి తగిలితే పిస్టన్ గట్టు విరుగుతుంది. సందు కాస్త ఎక్కువైతే నష్టం స్వల్పం, తక్కువైతే ఇంజనే పోతుంది. అందుకే టర్బో నిజంగా వేస్తారనుకుంటే, ఈ ఏడాదే పెద్ద సందు పెట్టండి. ఆకురాయి ఒకే దిశలో, బయటి నుంచి లోపలికి ఆడించి, రెండు గీతలకు ఒకసారి కొలుచుకుంటూ వెళ్లండి.

నా మాట కాదని క్యామ్‌లు మార్చినా, పిస్టన్ తల ఆకారం మార్చినా, వాల్వుకు పిస్టన్‌కు మధ్య ఖాళీ చూడకుండా ఇంజన్‌ను తిప్పకండి. ప్రామాణిక స్థితిలో ఈ 1.6 ఇంజన్‌కు బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లను కొట్టవు, ఒక్క మార్పుతో ఆ భద్రత పోవచ్చు. పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే మెత్తని మట్టి పరిచి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి మట్టిని కోసి మందం కొలవండి. హైడ్రాలిక్ లిఫ్టర్ చేతి ఒత్తిడికి అణిగి అబద్ధం చెబుతుంది కాబట్టి ఈ పరీక్షకు సాలిడ్ లిఫ్టర్ వాడాలి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కంటే తక్కువ ఉంటే ముందుకు వెళ్లకండి.

హార్స్‌పవర్ పెంచని ఒక మార్పును మాత్రం నేను గట్టిగా సిఫార్సు చేస్తాను. ఈ ఇంజన్ వంశం మొదట ముందు చక్రాలు లాగే 323 కారుది, అందులో ఇది అడ్డంగా కూర్చుని ఉండేది. ఎంఎక్స్-5లో నిలువుగా తిప్పి పెట్టినప్పుడు కూలెంట్ బయటికెళ్లే దారిని హెడ్ ముందు భాగానికి మార్చారు. నీళ్లు లోపలికి వచ్చేదీ ముందు నుంచే, వెళ్లేదీ ముందు నుంచే కావడంతో వెనుక సిలిండర్ల దగ్గర ప్రవాహం మందగిస్తుంది. మీ 4వ సిలిండరే బలహీనపడడానికి ఇది ఒక కారణం కావచ్చు. థర్మోస్టాట్‌ను హెడ్ వెనుకకు మార్చి నీళ్లు బ్లాకు పొడవునా పారేలా చేసే అమరికను, ఇంజన్ బయట ఉన్న ఈ సమయంలోనే తేలికగా పెట్టుకోవచ్చు. టర్బో వేసేవారికి ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

కూర్చేటప్పుడు ఆయిల్ పంపు లోపల పెట్రోలియం జెల్లీ నింపండి, మొదటి చుట్టులోనే అది ఆయిల్‌ను పీల్చుకుంటుంది. మొదటి స్టార్ట్‌కు ముందు ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కనెక్షన్లు తప్పించి, ప్రెషర్ ముల్లు లేచేవరకు స్టార్టర్‌ను విడతలు విడతలుగా తిప్పండి. ముల్లు లేవకుండా ప్లగ్గులు బిగించకండి. ఇంజన్ అందుకున్నాక ఐడ్లింగ్‌లో గంటలకొద్దీ వదిలేయడం రింగులకు చేటు. లీకులు, ఉష్ణోగ్రత చూసుకుని, వేడెక్కాక రోడ్డెక్కించి, మధ్య ఆర్‌పీఎమ్‌లో ఒక మోస్తరు బరువు పెట్టి లాగించి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి దానంతట అది తగ్గనివ్వండి. ఇలా పలుమార్లు చేస్తే దహనపు ఒత్తిడే రింగులను బోర్‌కు నొక్కి కూర్చోబెడుతుంది. ఈ దశలో సింథటిక్ వద్దు, మామూలు మినరల్ ఆయిల్ వాడండి. మొదటి 100 కిలోమీటర్లకు ఒకసారి, 800కు మరోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

టర్బో మాట ఆ తర్వాతే. 0.4 బార్ లాంటి మితమైన బూస్ట్‌ను (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడిని) ఆరోగ్యంగా ఉన్న ప్రామాణిక ఇంజనే తట్టుకుంటుంది, కానీ పాత ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), రెక్క తరహా ఎయిర్‌ఫ్లో మీటర్ ఆ గాలికి తగిన ఇంధనాన్ని నమ్మకంగా ఇవ్వలేవు. కాబట్టి ప్రోగ్రామ్ చేయగల ఈసీయూ, గాలి, ఇంధనం పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ లాంబ్డా మీటర్ ముందు వేసి, టర్బో లేకుండానే కొన్ని నెలలు నడిపి, వాటిని వాడడం నేర్చుకోండి. అంతకుమించి బూస్ట్ పెంచితే 1.6 కార్లలోని చిన్న డిఫరెన్షియల్, క్లచ్ వంతు వస్తుంది. 1.8 ఇంజన్ కార్లకు కంపెనీయే డిఫరెన్షియల్‌ను పెద్దది చేసింది. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

800 కిలోమీటర్ల ఆయిల్ మార్పు రోజున పాత ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలను విప్పి, వెలుతురులో చూడండి. సన్నని మెరుపు పొడి కొంత ఉండడం కొత్త ఇంజన్‌కు సహజం. అయస్కాంతానికి అంటుకోని మెత్తని తళుకు రేకులు కనిపిస్తే బండి తీయకండి, అవి బేరింగువి. ఏమీ లేకపోతే మళ్లీ నాలుగు సిలిండర్ల కంప్రెషన్ తీసి, మొదటి రోజు రాసుకున్న 12.1, 11.9, 12.0, 10.2 పక్కనే రాయండి. ఆ రెండు వరుసలతో పాటు మీ 24 బోర్ కొలతలు నాకు పంపితే, టర్బో సైజు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.